ఉదయం టిఫిన్‌తో ఆరోగ్యం: రాత్రి నానబెట్టే పెసల నుంచి పొద్దుటి పళ్లెం దాకా

హైదరాబాద్‌లో పొద్దున టిఫిన్‌కి కొదవ లేదు. ఆరు కొట్టేసరికి అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి సందుల్లో బండ్ల మీద ఇడ్లీ పాత్రలు పొగలు కక్కుతుంటాయి. అయినా మన చుట్టూ రెండు రకాల మనుషులు కనిపిస్తూనే ఉంటారు. ఒక ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లతో మధ్యాహ్నం దాకా నెట్టుకొచ్చేవాళ్లు కొందరు. ప్లేటు నిండా పూరీలు తిని కూడా పదకొండింటికి ఆవలిస్తూ సమోసా కోసం లేచేవాళ్లు కొందరు. నా ఉద్దేశంలో ఇద్దరి సమస్యా ఒక్కటే. పొద్దున కడుపులో పడేదంతా దాదాపు పిండీ చక్కెరే. పప్పు, గుడ్డు, పెరుగు, కూరగాయ పేరుకి మాత్రమే ఉంటాయి. టిఫిన్ వల్ల నిజంగా మేలు జరగాలంటే ఈ లెక్క మారాలి. ఎలా మార్చాలో, ఏ పని ఎప్పుడు చేయాలో వరసగా చెబుతాను.

టిఫిన్ వల్ల ఒరిగేదేమిటి

రాత్రి తొమ్మిదికి తిని పొద్దున ఎనిమిదికి టిఫిన్ చేస్తే మధ్యలో పదకొండు గంటలు కడుపు ఖాళీగా ఉంటుంది. ఆ సేపంతా కాలేయం తాను దాచుకున్న గ్లైకోజన్‌ను కొద్దికొద్దిగా గ్లూకోజ్‌గా మార్చి మెదడుకి అందిస్తుంది. తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి ఆ పనికి తోడ్పడతాయి. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఒక పూట టిఫిన్ మానేస్తే మెదడు మొద్దుబారిపోతుందని భయపెట్టాల్సిన పనిలేదు.

అసలు మేలు వేరే చోట ఉంది. మన ఒంట్లో ఇన్సులిన్ పొద్దున చురుగ్గా పనిచేస్తుంది, రాత్రయ్యేకొద్దీ మందగిస్తుంది. అదే అన్నం, అదే కొలత రాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది. అందుకే రోజు తిండిలో పెద్ద వాటా పొద్దునా మధ్యాహ్నం పడితే ఒంటికి సులువు. ఇంకో సంగతి, పొద్దున మంచి టిఫిన్ తింటే దాని ప్రభావం మధ్యాహ్న భోజనం దాకా ఉంటుంది. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లు టిఫిన్ మానేసిన రోజున మధ్యాహ్నం, రాత్రి భోజనాల తర్వాత కూడా చక్కెర ఎక్కువగా పెరిగినట్టు పరిశోధనల్లో తేలింది. పిల్లల విషయంలో లాభం ఇంకా స్పష్టం. ఖాళీ కడుపుతో బడికి వెళ్లే పిల్లలకు, ముఖ్యంగా ముందే పోషణ తక్కువైన పిల్లలకు, టిఫిన్ పెడితే పాఠం మీద ధ్యాస నిలుస్తుంది.

బరువు తగ్గించే మంత్రమని మాత్రం టిఫిన్‌ను నమ్మకండి. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 13 ప్రయోగాల ఫలితాలను కలిపి చూసిన వ్యాసం వేసింది. టిఫిన్ తిన్నవాళ్లు మానేసినవాళ్ల కన్నా రోజు మొత్తం మీద సగటున 260 కేలరీలు ఎక్కువే తిన్నారు, బరువూ కాస్త ఎక్కువే ఉన్నారు. ఆ ప్రయోగాలు చాలావరకు కొద్ది వారాలవే అయినా, పూరీ ప్లేటు తింటే సన్నబడతామన్న ఆశకు మాత్రం ఆధారం లేదు.

మొదటి మెట్టు: పని రాత్రే మొదలుపెట్టండి

పొద్దున ఆకలి వేయడం లేదనేవాళ్లను రాత్రి ఎన్నింటికి తిన్నారని అడిగితే చాలాసార్లు పది, పదకొండు అంటారు. ఐటీ ఆఫీసులు, ట్రాఫిక్, ఇంటికొచ్చాక ఆర్డర్ పెట్టిన బిర్యానీ. అది అరగకముందే తెల్లారిపోతుంది. వారంలో నాలుగైదు రోజులైనా రాత్రి భోజనం ఎనిమిది, ఎనిమిదిన్నరకు ముగించండి, తక్కువ తినండి. కొద్ది రోజుల్లోనే పొద్దుటి ఆకలి దానంతట అదే వస్తుంది. ఆకలి లేకుండా బలవంతంగా తినడం నేను ఎవరికీ చెప్పను. ముందు రాత్రి సంగతి సరిచూసుకోండి.

పడుకునే ముందు వంటింట్లో ఐదు నిమిషాలు చాలు. ఒక గిన్నెలో పెసలు, ఇంకో గిన్నెలో శనగలో బొబ్బర్లో నానబోయండి. పల్లీలు వేయించి డబ్బాలో పోసుకోండి. గుడ్లు తినే ఇల్లయితే నాలుగు ఉడకబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున ఏడింటికి స్కూల్ బస్ హారన్ వినపడుతుంటే ఎవరూ కొత్తగా ఆలోచించి వండలేరు. ఆ తొందరలో చేతికొచ్చేది బ్రెడ్డూ జామే.

రెండో మెట్టు: లేచాక మొదటి గంట

ముందు నీళ్లు. ఒకటి రెండు గ్లాసులు, చల్లవైనా గోరువెచ్చనివైనా సరే.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దాన్ని నీళ్లతోనే, టిఫిన్‌కీ చాయ్‌కీ అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలు దానికి నాలుగు గంటల దూరంలో ఉండాలి. చాలా ఇళ్లలో ఈ మూడూ ఒకేసారి మింగేసి, తర్వాత టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే అంకె) ఎందుకు తగ్గలేదని టెన్షన్ పడుతుంటారు.

ఇక చాయ్. హైదరాబాద్‌లో చాయ్ మానేయమంటే ఎవరూ వినరు, మానేయాల్సిన అవసరమూ లేదు. వేళ మారిస్తే చాలు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ తాగొద్దని చెప్పింది. టీలోని టానిన్లు తిండిలోని ఐరన్‌ను పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. మన ఇళ్లలో ఆడవాళ్లకు, ఎదిగే ఆడపిల్లలకు రక్తహీనత ఎంత మామూలో తెలుసు కదా. ఉప్మా తింటూ మధ్యమధ్యలో చాయ్ గుక్కలు వేయడం వాళ్లకు బొత్తిగా మంచిది కాదు. లేవగానే తాగి, గంట ఆగి టిఫిన్ చేయండి. లేదా టిఫిన్ చేసి, ఆఫీసుకు చేరాక తాగండి. చక్కెర ఒక చెంచాకి దించండి. చక్కెర వాడకం రోజుకి 25 గ్రాములు, అంటే ఆరు చిన్న చెంచాలు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మూడు ఇరానీ చాయ్‌లు తాగేవాళ్లకు ఆ లెక్క మధ్యాహ్నంలోపే నిండిపోవచ్చు.

మూడో మెట్టు: పళ్లెం అమర్చడం

అన్నిటికన్నా పెద్ద పని ఇదే. పోషకాహార సంస్థ లెక్క ప్రకారం రోజు కేలరీల్లో బియ్యం, గోధుమ, జొన్న లాంటి ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. పప్పులు, గుడ్డు, మాంసం కలిపి 15 శాతం దాకా రావాలి. మిగతాది కూరగాయలు, పళ్లు, గింజలు, పాల నుంచి రావాలి. ఇప్పుడు మన టిఫిన్లు చూడండి. ఇడ్లీ రవ్వ, బొంబాయి రవ్వ, మైదా, గోధుమపిండి, అటుకులు, అన్నీ ధాన్యాలే. తేడా రూపంలోనే.

మాంసకృత్తుల లెక్క కూడా చెప్పుకుందాం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సిఫారసు ప్రకారం 65 కిలోల మగవారికి రోజుకి 54 గ్రాములు, 55 కిలోల ఆడవారికి 46 గ్రాములు కావాలి. అందులో 15 గ్రాముల వరకు పొద్దునే వచ్చేలా చూసుకుంటే మిగతా రోజు తేలిక. ఒక ఇడ్లీలో ఉండేది 2 గ్రాములకు అటూఇటూ. మూడు ఇడ్లీలు నీళ్ల చట్నీతో తింటే సగం కూడా రాదు. అవే మూడు ఇడ్లీలకు చిక్కటి పల్లి చట్నీ, పప్పు దండిగా వేసిన సాంబార్, ఒక గుడ్డో కప్పు పెరుగో తోడైతే లెక్క సరిపోతుంది. గుడ్డులో 6 గ్రాములు, గుప్పెడు పల్లీల్లో 7 గ్రాములు, ఒక గ్లాసు పాలలో 6 గ్రాములకు పైనే ఉంటాయి.

మన టిఫిన్లలో నాకు అన్నిటికన్నా పైన కనిపించేది పెసరట్టు. పప్పే పిండి కావడం దాని గొప్ప. ఒక కప్పు పొట్టు పెసలు, రెండు చెంచాల బియ్యం రాత్రి నానబెడితే పొద్దునకి సిద్ధం, పులియబెట్టే పని లేదు. నానిన పెసలు వేళ్ల మధ్య నలిపితే పొట్టు జారి పప్పు రెండుగా విడిపోవాలి. అల్లం ముక్క, రెండు పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బండి, మరీ మెత్తగా వద్దు. కాస్త పలుకు ఉంటే అట్టు కరకరలాడుతుంది, తొందరగా అరిగిపోదు. ఇనుప పెనం వేడెక్కాక సగం కోసిన ఉల్లిగడ్డతో రుద్ది, మంట తగ్గించి పిండి పోయండి. మంట పెద్దదైతే పిండి గరిటెకే అంటుకుని ఉండలు కడుతుంది. పలచగా తిప్పి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, అల్లం, కొత్తిమీర చల్లి చేతిగరిటెతో అదమండి. అంచుల చుట్టూ ఒక చెంచా నూనె. పచ్చి రంగు ముదిరి, అంచులు గోధుమ రంగుకి తిరిగి పైకి లేచినప్పుడు తీయండి. కప్పు పెసలకు ఎనిమిది దాకా అట్లు వస్తాయి, రెండు తింటే 12 గ్రాముల మాంసకృత్తులు. లోపల ఉప్మా పెట్టి మడిచేది రుచిగానే ఉంటుంది కానీ అది ఆదివారానికి ఉంచండి. అల్లం పచ్చడిలో బెల్లం తగ్గించండి.

ఇడ్లీ దోసెలు వదలలేనివాళ్లకు పిండిలోనే మార్పు చేసుకునే వీలుంది. మినప్పప్పు ఒక కప్పుకి రవ్వ మూడు కప్పులు వేసే ఇల్లయితే రెండుకి దించండి, అందులోనూ సగం జొన్న రవ్వ వేయండి. పులియడం వల్ల పప్పులో, ధాన్యంలో ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గి ఐరన్, జింక్ ఒంటికి బాగా పడతాయి. అందుకే అప్పటికప్పుడు ఈనో వేసి చేసే ఇడ్లీ కన్నా రాత్రంతా పులిసిన పిండి మేలు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఆరేడు గంటలకే పిండి పొంగిపోతుంది, డిసెంబర్ చలిలో పన్నెండు గంటలైనా కదలదు. చలికాలం గిన్నెను దుప్పట్లో చుట్టి పెడితే పని జరుగుతుంది.

ఉప్మాకి ఒక్కటే సూత్రం. రవ్వ ఎంతో, క్యారెట్, బీన్స్, బఠానీ కలిపి అంతకన్నా ఎక్కువ. పైన పల్లీలు.

రాగి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే జనం దాన్ని గుడ్డిగా నమ్ముతున్నారు. వంద గ్రాముల రాగిలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, ఎముకలకు నిజంగా మంచిది. కానీ మెత్తటి పిండితో పలచగా కాచిన జావ తొందరగా అరిగి చక్కెరను పెంచేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం వేసిన రాగి జావ తాగి ఆరోగ్యం అనుకోకూడదు. జొన్న రొట్టె, గట్క (గట్టిగా ఉడికించిన జొన్న రవ్వ) లాంటివి నమలాల్సి వస్తాయి, అందుకే నిదానం. రొట్టెతో పాటు ఆకుకూర పప్పు ఉంటే దానికి మించిన టిఫిన్ లేదు. మెహిదీపట్నం, ఎర్రగడ్డ రైతుబజార్లలో పొద్దునే తాజా పాలకూర, మెంతికూర దొరుకుతాయి.

పాతబస్తీ ఖిచిడీ, ఖీమా, ఖట్టా కూడా నిండైన టిఫినే. బియ్యంతో పాటు మసూర్ పప్పు, పక్కన మాంసం, ఖట్టాలో నువ్వులు, చింతపండు. నూనె చూసుకుని, ఖిచిడీ కాస్త తగ్గించి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఊసే ఉండదు. పక్కన ఒక నిమ్మచెక్క పిండుకోండి. ఏ టిఫిన్‌లోనైనా నిమ్మ, జామ, ఉసిరి లాంటి విటమిన్ సి ఉన్నవి తగిలితే పప్పుల్లోని ఐరన్ బాగా వంటబడుతుంది.

తినే వరస కూడా చూసుకోండి. ముందు గుడ్డు, మొలకలు, కూర తిని, ఇడ్లీ, రొట్టె చివరకు తింటే చక్కెర ఒక్కసారిగా పెరగదు. ఖర్చు లేని ఉపాయం ఇది.

నాలుగో మెట్టు: బండి దగ్గర తినాల్సి వస్తే

హాస్టల్‌లో ఉండే పిల్లలకు, పొద్దున ఆరింటికి బయల్దేరేవాళ్లకు బండే దిక్కు. దాన్ని తప్పుపట్టను. ఎంచుకోవడం తెలిస్తే చాలు. ఆవిరి మీద ఉడికేవి, పెనం మీద కాల్చేవి ముందు: ఇడ్లీ, పెసరట్టు, సాదా దోసె, ఎగ్ దోసె. మైసూర్ బోండా, పూరీ నెలలో ఎప్పుడో ఒకసారి. బోండా మైదాతో చేసి నూనెలో ముంచి తీసేది. మూకుడులో నూనె నల్లగా చిక్కబడి, పొగ వాసన వస్తుంటే ఆ బండి దగ్గర వేపుడు ముట్టుకోకండి, అదే నూనె మళ్లీ మళ్లీ మరుగుతోందని అర్థం. దోసె మీద వెన్న ముద్దలు, చీజ్ వద్దని ముందే చెప్పాలి, పోశాక లాభం లేదు.

బండి చట్నీ సాధారణంగా పలచన. రెండోసారి అడిగి పోయించుకోవడంతో పాటు బ్యాగులో గుప్పెడు వేయించిన పల్లీలు పెట్టుకోండి. పక్క సందులో ఉడకబెట్టిన గుడ్లు అమ్మేవాళ్లు ఉంటే ఇంకా మంచిది. ప్లేటు మీద పరిచే పాలిథిన్ కవర్‌లో పొగలు కక్కే సాంబార్ పోయించుకోవడం నాకు నచ్చదు. చిన్న స్టీలు డబ్బా తీసుకెళితే ఎవరూ కాదనరు.

ఐదో మెట్టు: బడి పిల్లలు

ఏడింటికి బస్ ఎక్కే పిల్లలు ఆరున్నరకు నిండుగా తినలేరు. కొట్టి తినిపించడం కన్నా టిఫిన్‌ను రెండు ముక్కలు చేయండి. ఇంట్లో ఒక గ్లాసు పాలు, గుడ్డో అరటిపండో. పదింటి బ్రేక్‌కి డబ్బాలో పెసరట్టు ముక్కలు, కూరగాయలు వేసిన చిన్న ఇడ్లీలు, శనగ గుగ్గిళ్లు, పల్లీ బెల్లం ఉండ. రంగు డబ్బాల్లో వచ్చే చాక్లెట్ ఫ్లేక్స్ కొనేముందు వెనక వైపు తిప్పి వంద గ్రాములకు చక్కెర ఎంతో చదవండి. 25, 30 అని ఉంటే అది టిఫిన్ కోవలోకి రాదు, మిఠాయి లెక్కన చూడాలి.

ఆరో మెట్టు: షుగర్ ఉన్నవాళ్లు

గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మందు వేసుకుని టిఫిన్ మానేయడం ప్రమాదం. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే చక్కెర పడిపోయిందని గుర్తు. వెంటనే మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగాలి, పావుగంట తర్వాత మళ్లీ పరీక్ష చేసుకోవాలి. కేబీఆర్ పార్క్‌కో నెక్లెస్ రోడ్డుకో వాకింగ్‌కి వెళ్లేటప్పుడు జేబులో కొంచెం ఉంచుకోండి. ఉపవాసం, రంజాన్ రోజా ఉండాలనుకుంటే డాక్టర్‌ని ముందే కలిసి మందుల వేళలు మార్పించుకోండి.

ఏ టిఫిన్ మీకు పడుతుందో మీ గ్లూకోమీటరే చెబుతుంది. తినేముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన రెండు గంటలకు ఒకసారి చూసుకుని రాసిపెట్టుకోండి. ఒక రోజు నాలుగు ఇడ్లీలు, ఇంకో రోజు రెండు పెసరట్లు, మరో రోజు జొన్న రొట్టె, పప్పు. మాత్ర, వాకింగ్ అన్నీ ఒకేలా ఉంచండి. తిన్నాక చక్కెర 180 దాటకూడదన్నది ఎక్కువ మందికి పెట్టే హద్దు, మీ హద్దు మీ డాక్టర్ చెబుతారు. టిఫిన్ తర్వాత పది, పదిహేను నిమిషాలు నడిస్తే ఆ అంకెలో తేడా మీకే కనిపిస్తుంది.

నైట్ షిఫ్ట్ వాళ్లకు

గచ్చిబౌలి, మాదాపూర్‌లలో రాత్రంతా పనిచేసి తెల్లవారుజామున క్యాబ్ దిగేవాళ్లకు మామూలు వేళలు పనికిరావు. ఇంటికి రాగానే పూరీలు, దోసెలు నిండా తిని పడుకుంటే ఛాతీలో మంట, నిద్ర చెడడం ఖాయం. ఆ సమయంలో మజ్జిగ, ఒక అరటిపండు, లేదా చిన్న గిన్నె పెరుగన్నం చాలు. మధ్యాహ్నం లేచాక తినేదే మీ టిఫిన్, పైన చెప్పిన పళ్లెం అప్పుడు పెట్టుకోండి. షిఫ్ట్‌లో పెద్ద భోజనం అర్ధరాత్రిలోపే ముగించండి, ఆ తర్వాత ఆకలేస్తే వేయించిన శనగలు, గుడ్డు. చివరి చాయ్ ఇంటికి బయల్దేరడానికి కనీసం ఐదారు గంటల ముందే అయిపోవాలి, లేకపోతే పగటి నిద్ర పట్టదు.